ప్రార్థన మానేస్తే నాన్నకి ఏమైనా అవుతుందా?

ప్రశ్న: మా ఆయన ఒకప్పుడు బాగా తాగేవారు. ఐదేళ్ల క్రితం రక్షణ పొంది పూర్తిగా మానేశారు. అందుకు దేవునికి ఎంత స్తోత్రం చెప్పినా తక్కువే. కానీ ఇప్పుడు ఇంట్లో అన్నీ నియమాలే. తెల్లవారుజామున నాలుగింటికి అందరం లేవాలి. వారానికి రెండు ఉపవాసాలు ఉండాలి. ఎవరు ఎంతసేపు ప్రార్థించారో, ఎన్ని అధ్యాయాలు చదివారో నోట్‌బుక్‌లో రాయాలి. ఏదైనా తప్పితే ఆ రోజంతా ఆయన మాట్లాడరు. పద్నాలుగేళ్ల మా పాప మొన్న, "అమ్మా, నేను ప్రార్థన మానేస్తే నాన్నకి యాక్సిడెంట్ అవుతుందా?" అని అడిగింది. నేనైతే కొన్ని నెలలుగా ఉపవాసం ఉండకుండానే ఉన్నట్టు రాస్తున్నాను. కృప వల్లే రక్షణ అని తెలుసు, అయినా భయం పోవడం లేదు. నేను దారి తప్పానా? భర్తకు లోబడాలి కదా?

జవాబు: అమ్మా, ముందు పాప సంగతి చూద్దాం. మిగతావి ఇంకో వారం ఆగినా ఫరవాలేదు.

పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు యేసును దాదాపు ఇలాంటి ప్రశ్నే అడిగారు: ఎవరు పాపం చేస్తే ఇతను ఇలా పుట్టాడు, ఇతనా, కన్నవాళ్లా? ఇద్దరూ కాదన్నాడు ప్రభువు (యోహాను 9:3). మీ పాపకు వాక్యపాఠం చెప్పకండి. పక్కన కూర్చుని, "నువ్వు ప్రార్థన మర్చిపోయావని దేవుడు నాన్నను కొట్టడు" అని సూటిగా చెప్పండి. ఈ మాట ఒక్కసారి చెబితే చాలకపోవచ్చు. చేసిన ప్రార్థన సరిగ్గా చేయలేదేమోనని మళ్లీ మళ్లీ చేస్తోందా, నిద్ర పోవడం లేదా, గమనించండి. అలా ఉంటే సైకాలజిస్ట్‌కు చూపించండి. ఓసీడీ (వద్దన్నా వచ్చే భయాలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య) కొందరిలో భక్తి రూపంలోనే బయటపడుతుంది. దాన్ని విశ్వాసం తక్కువై వచ్చినట్టు చూడొద్దు.

ఇక మీ ఆయన. ఆయన్ని పరిసయ్యుడు, అంటే నియమాలే భక్తి అనుకునేవాడు, అనేయడం తేలిక, నాకు మాత్రం మనసు రావడం లేదు. తాగుడు నుంచి బయటపడ్డ మనిషికి వేళకు లేవడం, వేళకు మోకరించడం పెద్ద ఆసరా. ఒక్క రోజు తప్పితే మళ్లీ గ్లాసు పట్టుకుంటానేమోనన్న భయం ఆయన లోపల ఉండొచ్చు. నా ఊహ తప్పు కావచ్చు, మీరే అడిగి చూడండి. చిక్కల్లా, తన జబ్బుకు పనిచేసిన మందును ఇంటిల్లిపాదికీ పోస్తున్నారు.

పౌలు గలతీయ సంఘాలకు రాసిన పత్రిక అవిశ్వాసులకు కాదు, మీ ఆయనలా నిజంగా మారినవాళ్లకే. ఆత్మతో మొదలుపెట్టి ఇప్పుడు శరీరంతో, అంటే సొంత ప్రయత్నంతో, పూర్తి చేస్తారా అని అడిగాడు (3:3). అదే పత్రికలో పేతురు సంగతీ ఉంది. అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి భోంచేస్తున్న పేతురు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు యూదులు రాగానే వాళ్లకు భయపడి పక్కకు తప్పుకున్నాడు (2:12). అంతటి అపొస్తలుణ్ణీ వెనక్కి లాగింది భయమే. మీ ఇంట్లో నోట్‌బుక్ నింపుతున్నదీ అదే.

నియమాలన్నీ తీసి పారేయమని నేను అనడం లేదు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రోజుల్లో బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండేవాడు, జైళ్లకు వెళ్లి ఖైదీలను చూసేవాడు, గంటగంటకూ తనను తాను పరీక్షించుకునేవాడు. అంత చేసినా నెమ్మది లేదు. 1738 మే 24న, క్రీస్తు తన పాపాలను తీసేశాడన్న నిశ్చయం కలిగింది. ఆ తర్వాత కూడా ఆయన ఉపవాసం మానలేదు. కాకపోతే దేవుడు తనను అంగీకరించాలని కాక, అంగీకరించాడు కాబట్టి ఉన్నాడు.

మీ ప్రశ్నకు వస్తాను. ఉపవాసం ఉండకపోవడం పాపం కాదు. ఉన్నట్టు రాయడం అబద్ధమే, అది మీకూ తెలుసు కాబట్టే నలిగిపోతున్నారు. లెక్క అడిగే భక్తి ఉన్నచోట నటన పుట్టకుండా ఉండదు లెండి. రేపటి నుంచి ఆ గడి ఖాళీగా వదిలేయండి. భార్యలు భర్తలకు లోబడాలనే ఎఫెసీ 5:22 అందరికీ కంఠస్థమే, దానికి ముందు వచనం ఒకరికొకరు లోబడమంటోంది. దినాలు పాటించే విషయంలో ప్రతివాడూ తన మనసులో తానే రూఢిపరచుకోవాలని రోమా 14:5లో ఉంది. మీ మనస్సాక్షి బాధ్యత భర్త మోయలేడు.

ఒక జాగ్రత్త. "మా ఆయనలా నియమాల భక్తురాలిని కానందుకు స్తోత్రం" అనే ఆలోచన మెల్లగా వస్తుంది. దేవాలయంలో పరిసయ్యుడు చేసిన ప్రార్థన కూడా ఇలాంటిదే (లూకా 18:11). కృపను ఆయన మీదికి కర్రలా ఎత్తకండి.

ఆయనతో మాట్లాడటానికి ప్రార్థన వేళ కాకుండా, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు కూర్చోండి. వచనాలతో మొదలుపెడితే ఆయన దగ్గర అంతకు రెట్టింపు వచనాలుంటాయి. పాప అడిగిన మాట యథాతథంగా చెప్పండి. నోట్‌బుక్‌లో మీరు రాసిన అబద్ధం కూడా ఒప్పుకోండి. పిల్లల మనసు క్రుంగిపోయేలా కోపం పుట్టించవద్దని తండ్రులకు రాసిన మాట (కొలొస్సయులకు 3:21) ఆయనకు తెలియనిదేం కాదు, తనే గుర్తు చేసుకుంటారు. ఆ రోజుకు ఒక్కటే అడగండి: పాప పేరు నోట్‌బుక్‌లోంచి తీసేయమని. నాలుగింటికి లేవడం ఆయన ఇష్టానికి వదిలేయండి.

ఒప్పుకోకపోతే, మీ ఇద్దరికీ గౌరవమున్న విశ్వాసి దంపతులను కలవండి. పాస్టర్ గారి దగ్గరకైనా వెళ్లొచ్చు. కానీ "మానేస్తే శాపం తగులుతుంది" అనే మాట అక్కడి నుంచే వస్తుంటే అక్కడికి వెళ్లి లాభం లేదు. మాట్లాడకపోవడం దాటి తిట్టడం, చెయ్యి చేసుకోవడం వరకు వస్తే మాత్రం అది భక్తికి సంబంధించిన గొడవ కాదు. మీరూ పాపా క్షేమంగా ఉండే చోటు ముందు చూసుకోండి.

"అయితే ఇక ప్రార్థన మానేద్దామా?" అని ఆయన తప్పకుండా అడుగుతారు. వద్దనండి. రాత్రి ముగ్గురం కలిసి పది నిమిషాలు కూర్చుందాం, ఎవరికి మాట వస్తే వాళ్లు ప్రార్థిద్దాం, రానివాళ్లు ఊరికే కూర్చుందాం, ఏదీ రాసుకోవద్దు అనండి.