కన్ను అదిరిందని మిషను బీరువాలో పెట్టకు

అమ్మాయికి,

మీ అత్తగారు మొన్న అంబాజీపేటలో కనిపించి నీ సంగతి చెప్పింది. కాక్లియర్ ఇంప్లాంట్ అనే వినికిడి మిషను పెట్టే చెవి ఆపరేషన్ అయి నాలుగు నెలలు, ఆ మిషను ఆన్ చేసి మూడు నెలలు. మాటలు బాగానే తెలుస్తున్నాయట. కానీ పది రోజులుగా ఎవరైనా గట్టిగా మాట్లాడితే చాలు, ఎడమ కన్ను దానంతట అదే మూసుకుపోతోందట, పెదవి చివర లాగుతోందట. పక్షవాతం వస్తోందేమోనని భయపడి నువ్వు మిషను తీసి బీరువాలో పెట్టేశావట. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆరేళ్ళ కిందట నేనూ అదే పని చేశాను తల్లీ. నాలుగు నెలలు మిషను లేకుండా, మనవరాలి తొలి మాటలు వినకుండా కూర్చున్నాను. నీకలా కాకూడదనే ఈ ఉత్తరం.

ముందు ఒక్క పని చెయ్యి. మిషను పెట్టుకుని అద్దం ముందు కూర్చో. మీ ఆయన్ని వెనక నిలబడి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టమను. కన్ను అదురుతుంది. ఇప్పుడు తలకు అంటుకున్న ఆ గుండ్రటి కాయిల్ తీసెయ్యి, మళ్ళీ కొట్టమను. అదరడం ఆగిపోయిందా? అయితే అది మిషను నుంచి వచ్చే కరెంటు పని. తర్వాత కళ్ళు గట్టిగా మూసి చూడు, నవ్వి చూడు, బుగ్గలు పూరించు, కనుబొమలు పైకెత్తు. రెండు వైపులూ సమానంగా కదిలితే నీ ముఖం నరం నిక్షేపంగా ఉన్నట్టే. ఒక వైపు జారిపోతే, కన్ను పూర్తిగా మూతపడకపోతే, కాయిల్ తీసినా అలాగే ఉంటే అది వేరే సంగతి. అప్పుడు ఈ ఉత్తరం పక్కన పెట్టి అదే రోజు నీకు ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరకు వెళ్ళు. నరం వాచిందనుకుంటే స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు, అవి ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. మూతపడని కన్ను ఎండిపోకుండా పగలు చుక్కలు వేసుకోవాలి, రాత్రి ఆయింట్‌మెంట్ పెట్టి రెప్ప మూసి టేపు వెయ్యాలి. కంటి విషయంలో ఒక్క రాత్రి కూడా అశ్రద్ధ చెయ్యకు.

నీది ఆ రకం కాదనే నా నమ్మకం. మీ అత్తగారు చెప్పిన లక్షణాలన్నీ నావే.

ఇది ఎందుకు వస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. మిషను కరెంటు ఇచ్చేది చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలో, వినికిడి నరానికి. ముఖాన్ని కదిపే నరం దాని పక్క నుంచే పోతుంది. ఒకచోట రెండింటి మధ్య ఎముక చాలా పల్చగా ఉంటుంది. మన చేలగట్ల సంగతి నీకు తెలుసు కదా. కాలవ నీళ్ళు మన చేలోకే వదులుతాం, కానీ గట్టులో ఎండ్రకాయ బొక్కలుంటే పక్కవాడి చేలోకీ ఊట దిగుతుంది. ఇదీ అంతే. నాకు ఓటోస్క్లీరోసిస్, అంటే చెవి ఎముక గుల్లబారే జబ్బు. నా గట్టంతా బొక్కలే. నీకు చిన్నప్పుడు మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, వచ్చి వినికిడి పోయిందన్నారు. ఆ జబ్బు తర్వాత కాక్లియా లోపల ఎముక పేరుకోవచ్చు. అప్పుడు శబ్దం తెలియాలంటే ఎక్కువ కరెంటు కావాలి, ఎక్కువ వదిలితే పక్కకు జారేదీ ఎక్కువే. పుట్టుకతోనే కాక్లియా ఆకారం సరిగా లేనివాళ్ళకూ, తలకు దెబ్బ తగిలి చెవి ఎముక విరిగినవాళ్ళకూ ఇలా జరుగుతుంది. మిషను ఆన్ చేసిన రోజే రావాలనేమీ లేదు, నెలలకో ఏళ్ళకో కూడా మొదలవుతుంది. నీ తప్పేమీ లేదు ఇందులో.

నాకు మొదలైనప్పుడు ఎడమ కన్నే కదా, ఆడవాళ్ళకు ఎడమ కన్ను అదిరితే శుభమని ఇంట్లో అందరూ సంతోషించారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాను. డప్పు మీద దెబ్బ పడినప్పుడల్లా నా కన్ను టపటపా మూసుకుపోయింది, బుగ్గ పైకి లాగింది. ఎదురుగా నిలబడ్డ కుర్రాడు నన్నే చూస్తున్నాడు. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చేశాను. తర్వాత వారం అప్పట్లో నేను చూపించుకునే చోటికి వెళ్ళి చెబితే, 'ఇది మామూలే, అలవాటైపోతుంది' అని రెండు నిమిషాల్లో పంపేశారు. అలవాటు కాలేదు. మిషనే మానేశాను. నీకూ ఎవరైనా ఆ మాట అంటే ఒప్పుకోకు. మర్యాదగానే కుర్చీలో కూర్చుని, మ్యాపింగ్, అంటే మిషను ఎంత కరెంటు ఇవ్వాలో కంప్యూటర్‌తో సరిచెయ్యడం, మళ్ళీ చెయ్యమని అడుగు. ముఖం అదురుతుంటే భరించాల్సిన పని లేదు.

మ్యాపింగ్‌కి వెళ్ళేలోపు మిషను మాత్రం తీసెయ్యకు. రిమోట్‌లో వాల్యూమ్ రెండు మెట్లు తగ్గించి, ఇంట్లో నెమ్మదైన చోట పెట్టుకో. ఒక నోటు పుస్తకం తీసుకుని ఏ శబ్దానికి ఎక్కడ అదిరిందో రాయి. కుక్కర్ విజిల్‌కి కన్ను, మోటారు సైకిల్‌కి పెదవి, మామగారి గొంతుకి గడ్డం కింద, ఇలా. టైమూ రాయి. గొంతులో గుచ్చినట్టున్నా, చెవి చుట్టూ నొప్పి వచ్చినా అదీ రాయి, కొంతమందికి అదురు పైకి కనపడదు, నొప్పిగానే తెలుస్తుంది. మీ ఆయన్ని ఫోన్‌లో వీడియో తియ్యమను. అక్కడికి వెళ్ళాక సరిగ్గా ఆ గంటలో అదరదు, మనం అబద్ధం చెప్పినట్టుంటుంది. వీడియో చూపిస్తే ఇక మాట ఉండదు.

మ్యాపింగ్‌కి ముందు రోజే విశాఖ వెళ్ళి రాత్రి నిద్రపోయి పొద్దున్న కూర్చో. రాత్రంతా బస్సులో కూర్చుని దిగితే ఏ శబ్దం పెద్దదో ఏది చిన్నదో నీకే తెలియదు.

నాకు మ్యాపింగ్ చేసి బాగుచేసిన అమ్మాయి ఎలా చేసిందో చెబుతాను, నువ్వూ అలాగే అడుగు. చెవి లోపల పెట్టిన తీగ మీద వరసగా ఎలక్ట్రోడ్లు, అంటే కరెంటు ఇచ్చే బిందువులు, ఉంటాయి, కంపెనీని బట్టి 12, 16, 22. నాది 22. ఆ అమ్మాయి ఒక్కొక్కదాన్నే మెల్లగా పెంచుతూ, కంప్యూటర్ వైపు కాక నా ముఖం వైపు చూసింది. నన్ను కంటి చివర వేలు ఆనించి ఉంచమంది. మొదటి పన్నెండింటికి ఏమీ లేదు. పదమూడో దానికి వేలి కింద, గాలానికి చిన్న చేప తగిలినట్టు, సన్నగా లాగింది. అద్దంలో ఇంకా కనపడటం లేదు, వేలికి మాత్రం తెలిసింది. అలా పదహారు వరకు నాలుగు పట్టుకుంది. ముందు ఆ నాలుగింటికీ కరెంటు తగ్గించింది. తర్వాత పల్స్ వెడల్పు పెంచింది, అంటే కరెంటు ఒక్కసారిగా గట్టిగా కొట్టకుండా కాస్త సాగదీసి ఇవ్వడం. అప్పుడు అదే శబ్దం తక్కువ కరెంటుతో వినపడుతుంది. రెండు దారికొచ్చాయి. మిగతా రెండూ రాలేదు, వాటిని ఆపేసింది. వాటి వంతు శబ్దాలను పక్కవాటికి పంచుతారు.

ఆపేస్తామంటే ఏడవకు. నేను ఏడ్చాను, అంత డబ్బు పోసి పెట్టించుకున్నవి ఆపేస్తున్నారే అని. మూడు వారాలు మాటలన్నీ కుండలోంచి వచ్చినట్టున్నాయి. రోజూ మా ఆయన పేపర్ పైకి చదివితే నేను వెంట చూసుకుంటూ విన్నాను. నాలుగో వారానికి గొంతులు మళ్ళీ గొంతుల్లా అయ్యాయి. ఆరు నెలలకు మళ్ళీ పరీక్ష చేసి ఆపిన వాటిలో ఒకదాన్ని తిరిగి తెరిచారు.

దీంతోనూ లొంగకపోతే ఇంకా దారులున్నాయి. కొన్ని కంపెనీల మిషన్లలో కరెంటు ఇచ్చే పల్స్ ఆకారమే మార్చవచ్చు. అదిరే కండరాల్లో వాటిని సడలించే బోటాక్స్ ఇంజెక్షన్ ఇస్తారు, కొన్ని నెలలు పనిచేస్తుంది, మళ్ళీ వేయించుకోవాలి. మళ్ళీ ఆపరేషన్ చేసి వేరే రకం తీగ పెట్టడం చాలా అరుదు. అంతదాకా ఆలోచించి ఇప్పటినుంచే టెన్షన్ పడకు.

ఒక్కటి మాత్రం ప్రమాణం చేసినట్టు గుర్తుంచుకో. మూతి వంకరపోతోందంటే మన ఊళ్ళలో ఎవరో ఒకరు పావురం నెత్తురు రాయమంటారు, ఇంకొకరు 'కరెంటు పెట్టిస్తే' తగ్గుతుందని ఫిజియోథెరపీకి తీసుకుపోతారు. మొదటిది పనికిరాదు. రెండోది నీకు ప్రమాదం. చెవిలో ఇంప్లాంట్ ఉన్నవాళ్ళు తలకూ మెడకూ ఆ కరెంటు చికిత్స చేయించుకోకూడదు, డయాథర్మీ అనే వేడి చికిత్స అసలే వద్దు. ఎంఆర్‌ఐ అన్నా ముందు ఇంప్లాంట్ కార్డు చూపించాలి. మీ అత్తగారికి కూడా చదివి వినిపించు ఈ పేరా.

నాలుక రుచి కూడా మారిందని చెప్పిందామె. రుచి తెలిపే సన్న నరం ముఖం నరం కొమ్మే, మధ్యచెవిలోంచే పోతుంది, ఆపరేషన్‌లో కదిలితే అలా ఉంటుంది. నాకు ఆ ఏడు పులస పులుసు తిన్నా ఇనుప ముక్క నాకినట్టుండేది. చాలామందికి నెలల్లో సర్దుకుంటుంది, నాకూ సర్దుకుంది.

మీ వీధి చివర చంటిపిల్లకీ ఇంప్లాంట్ పెట్టారట కదా, గట్టి శబ్దం వస్తే కాయిల్ పీకి పారేస్తోందనీ అది మారాం అనీ అంటున్నారట. వాళ్ళమ్మతో చెప్పు, ఆ క్షణంలో పిల్ల కన్నూ బుగ్గా చూడమని. చెప్పుకోలేని పిల్లలు పీకేసే చెబుతారు.

బుధవారం మధ్యాహ్నం రావులపాలెం బస్టాండులో ఉంటాను, విశాఖ దాకా నీతో వస్తాను. మా చెల్లెలింట్లో పడుకుని పొద్దున్నే వెళదాం. మిషను పెట్టుకునే రా, దారిలో మాట్లాడుకోవాలి. నోటు పుస్తకం, ఇంప్లాంట్ కార్డు, ఆపరేషన్ కాగితాలు, స్పేర్ బ్యాటరీలు సంచిలో ఈ రాత్రే సర్దుకో.

మీ పెద్దమ్మ