పెన్నీ పాటలు చరిత్ర చెబుతాయా?

ప్రశ్న: 17వ శతాబ్దపు లండన్‌లో మామూలు మనుషులు ఎలా బతికారో తెలుసుకోవాలని ఆ కాలపు పాటలు వింటున్నాను. పాటల్లో ఉండేది కల్పనే కదా, వాటిని చరిత్రకు ఆధారంగా తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: నిస్సంకోచంగా తీసుకోవచ్చండీ. పాటలోని కథ కల్పన కావచ్చు, ఆ పాటను జనం డబ్బిచ్చి కొన్న సంగతి కల్పన కాదు.

బ్రాడ్‌సైడ్ బాలడ్లనే ఆ పాటల కాగితాలను ఒక పక్కనే అచ్చువేసేవారు. ధర సాధారణంగా ఒక పెన్నీ. అమ్మేవారే వీధిలో నిలబడి పాడేవారు కనుక చదువురానివాళ్లకూ పాట చేరేది. కొన్ని కాగితాలు బీరు అమ్మే చోట్ల గోడలకెక్కేవి.

మీరు మొదట చూడవలసింది పాట పేరు కింది పంక్తి. ఫలానా వరుసలో, అంటే ఫలానా బాణీలో, పాడవలెనని అక్కడ ఉంటుంది. వరుస జనానికి ముందే వచ్చు కాబట్టి స్వరాలు అచ్చువేయనక్కరలేదు. నా దృష్టిలో మాటలకన్నా ఈ పంక్తే గట్టి ఆధారం. ‘ఫార్చ్యూన్ మై ఫో’ వరుసనే చూడండి. మొదట అది ప్రేమలో ఓడినవాడి మొర. తరువాత ఉరిశిక్ష పడ్డవారి ఆఖరి పలుకులంటూ ఎన్నో పాటలు అదే వరుసలో కట్టారు. చివరికి దానికి ఉరి వరుస అన్న పేరే స్థిరపడింది. ఒక్క మాటా చెవిన పడకముందే పాట దేని గురించో వీధిలోవాళ్లు ఊహించగలిగేవారన్నమాట. కాగితం మీద మాటలు చదువుకుంటే ఇది అందదు. అందుకే పాడినది వినితీరాలంటాను.

పాటల పక్కన డైరీలు పెట్టుకోండి. నౌకాదళ కార్యాలయంలో పనిచేసిన శామ్యూల్ పీప్స్ 1660 నుంచి 1669 వరకు డైరీ రాశాడు. 1666 సెప్టెంబరు 2న లండన్ తగలబడుతుంటే, ఇళ్ల సామాన్లతో థేమ్స్ నది మీద పోతున్న పడవల్లో మూడింట ఒకదానిలో వర్జినల్ కనిపించిందని అందులో ఉంది. వర్జినల్ అంటే మెట్లు నొక్కితే తీగలు మోగే పెట్టెలాంటి వాద్యం. ప్రాణభయంతో పరుగెడుతూ దాన్నీ మోసుకెళ్లారు! చదివిన ప్రతిసారీ నా మనసు కదిలిపోతుంది. అయితే ఇది పడవ దొరికిన కుటుంబాల మాట, కూలివాళ్ల ఇళ్ల సంగతి ఇందులో లేదు. అంతకన్నా సామాన్యమైన చోటు కావాలంటే మంగలి దుకాణానికి వెళ్లాలి. అక్కడ సిటర్న్ అనే తీగవాద్యం ఉండేది, వంతు కోసం కూర్చున్నవాళ్లు దాన్ని వాయించుకునేవారు.

పీప్స్ సేకరించిన సుమారు 1,800 బాలడ్లు కేంబ్రిడ్జ్‌లోని మాడ్లెన్ కళాశాలలో భద్రంగా ఉన్నాయి. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాటి చిత్రాలను, చాలా పాటలకు గానాన్ని కూడా ఇంటర్నెట్‌లో ఉచితంగా అందిస్తోంది. ఒకేసారి పదింటి మీద పడకండి. ఒక పాట తీసుకుని, దాని వరుసలో ఇంకా ఏయే పాటలు అచ్చయ్యాయో వెతకండి.