ముప్పై ఏళ్ల ఎలక్ట్రిక్ రైళ్లు మా లైనుకు వస్తున్నాయి, నమ్మొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ లైనులో ఇప్పటిదాకా రెండు పెట్టెల డీజిల్ రైళ్లు తిరిగాయి. కొత్తగా కరెంటు వైర్లు వేశారు. కానీ కొత్త రైళ్లకు బదులు వేరే చోట పాతికేళ్లకు పైగా నడిచిన ఎలక్ట్రిక్ రైళ్లు తెస్తున్నారు. అవి రోజూ దారిలో ఆగిపోతాయేమోనని మీ టెన్షన్. సరిగ్గా ఇదే పరిస్థితిలో నేను ఇంగ్లండ్‌లో నాలుగున్నరేళ్లు ప్రయాణించాను కాబట్టి రాస్తున్నాను. నేను రైల్వే ఉద్యోగిని కాను. ఫ్యాక్టరీలో మోటార్లు, ప్యానెళ్లు చూసే ఎలక్ట్రికల్ పని నాది.

నా రైలు రెయిన్‌హిల్ నుంచి లివర్‌పూల్‌కు. 1830లో మొదలైన లివర్‌పూల్–మాంచెస్టర్ మార్గం అది. దానికి కరెంటు అందింది మాత్రం 2015లో. ఆ మార్చిలో క్లాస్ 319 అనే నాలుగు పెట్టెల రైళ్లు వచ్చాయి. 1987కూ 1990కూ మధ్య తయారై, లండన్ నగరం గుండా బెడ్‌ఫర్డ్, బ్రైటన్ వైపు తిరిగిన రైళ్లవి. స్టేషన్లో మొదటిసారి చూసినప్పుడు నాకూ మీలాగే అనిపించింది, ఇంకెవరో వాడి వదిలేసినవి మనకు అంటగట్టారని. మొదటి వారంలోనే ఆ అభిప్రాయం సగం మారింది. డీజిల్ రైల్లో నిలబడడానికి కూడా చోటు దొరకని ఉదయాల్లో, ఇందులో కూర్చుని వెళ్లాను. ఇంజిన్ అదురు లేదు, పొగ వాసన లేదు.

ఇక నమ్మకం సంగతి. రైలు వయసు ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. నన్నడిగితే, మీ రైళ్లు ఇక్కడికి రాకముందు ఎన్నాళ్లు కదలకుండా నిలబడి ఉన్నాయో మొదట తెలుసుకోండి. మా ఫ్యాక్టరీలో ఒక మోటారు రెండేళ్లు షెడ్డులో ఉండిపోయింది. బిగించే ముందు మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) పెట్టి చూస్తే ఇన్సులేషన్ రీడింగ్ బాగా పడిపోయింది, లోపలంతా చెమ్మ. రోజూ తిరిగిన దాని జంట మోటారు మాత్రం పదిహేనేళ్లయినా బాగానే ఉంది. రైలుకూ ఇదే వర్తిస్తుంది. కదలకుండా ఉంటే రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, బ్యాటరీలు చచ్చిపోతాయి, గాలి పైపుల్లో నీరు చేరుతుంది, కనెక్టర్ పిన్నుల మీద తుప్పు పడుతుంది. ఇవి పెద్ద లోపాలు కావు, కానీ ఒక్కొక్కటీ ఒక్కో ఉదయం బయటపడతాయి. మా 319లు లండన్‌లో రోజువారీ సర్వీసు చేసి, మరమ్మతు చేయించుకుని వచ్చినవి. అది మా అదృష్టం.

పాత రైలు అనగానే అందరూ మోటారు కాలిపోతుందని భయపడతారు. నేను ఎక్కువగా చూసింది తలుపుల గొడవ. ఒక చలికాలం ఉదయం మా దారిలోని హైటన్ స్టేషన్‌లో తలుపులు మూసుకున్నాయి, రైలు కదల్లేదు. తలుపులన్నీ మూసుకున్నాయని సర్క్యూట్ ఒప్పుకుంటే తప్ప డ్రైవరు మోటార్లకు కరెంటు ఇవ్వలేడు. ఎక్కడో ఒక చిన్న స్విచ్చి సరిగ్గా కలవకపోయినా రైలు మొత్తం నిలిచిపోతుంది. గార్డు ఒక్కో తలుపూ చూసుకుంటూ వచ్చి, తప్పు చేస్తున్నదాన్ని తాళం వేసి, వాడొద్దని కాగితం అంటించాడు. పదకొండు నిమిషాలు పోయాయి. బ్రిటన్‌లో సాంకేతిక లోపం వల్ల 3 నిమిషాలు, అంతకు మించి ఆలస్యమైతేనే దాన్ని లెక్కలోకి తీసుకుని, అలాంటి రెండు ఘటనల మధ్య రైలు సగటున ఎన్ని మైళ్లు తిరిగిందో చూస్తారు. మీ దగ్గర ఇలాంటి లెక్క ప్రచురిస్తే తప్పక చూడండి. ఒక్క నెల అంకె చూసి కంగారు పడకండి, ఏడాది సగటు చూడండి. కొత్త డిపో సిబ్బందికి ఆ రైళ్ల అలవాట్లు తెలియడానికే కొన్ని నెలలు పడుతుంది. మాకు మొదటి ఏడాదికీ మూడో ఏడాదికీ తేడా బాగా తెలిసింది.

పనితీరు విషయంలో మాత్రం మీరు గట్టిగా ప్రశ్నించాల్సింది ఉంది. 319 గంటకు 160 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. వినడానికి బాగుంటుంది. కానీ మా దారిలో రెయిన్‌హిల్, విస్టన్, హైటన్, రోబీ, బ్రాడ్ గ్రీన్ అన్నీ దగ్గర దగ్గర స్టేషన్లు. అక్కడ కావలసింది గరిష్ఠ వేగం కాదు, ఆగిన చోట నుంచి ఎంత త్వరగా వేగం అందుకుంటుందన్నదే. 319లో నాలుగు పెట్టెలకు ఒక్క పెట్టెలోనే మోటార్లు ఉంటాయి. మొత్తం 16 ఇరుసుల్లో 4 మాత్రమే రైలును లాగుతాయి. ఆకులు రాలే కాలంలో అవి పట్టాల మీద నలిగి జిగట పొరలా అంటుకుపోతాయి. అప్పుడు ఆ నాలుగు ఇరుసులే జారుతుంటే డ్రైవరు ఏం చేయగలడు? అక్టోబరు, నవంబరుల్లో బండి బయలుదేరేటప్పుడు తడబడటం నాకు సీట్లో కూర్చునే తెలిసేది.

దీనికి భిన్నంగా క్లాస్ 323 చూడండి. మూడే పెట్టెలు, 12 ఇరుసులు, వాటిలో 8 లాగుతాయి. వేగం 145 కిలోమీటర్లే, కానీ ఆగుతూ పోయే దారిలో ఎంతో చురుకు. ఇవి 1990ల మొదట్లో కొత్తగా వచ్చినప్పుడు కొన్నేళ్లు బాగా సతాయించాయి, తర్వాత కుదుటపడ్డాయి. 2024 మొదట్లో ఆ ప్రాంతంలో 319లు సర్వీసు నుంచి తప్పుకున్నప్పుడు వాటి బదులు వచ్చిన వాటిలో వేరే ప్రాంతం నుంచి తెచ్చిన 323లు ఉన్నాయి, అంటే అప్పటికే ముప్పై ఏళ్లు దగ్గరపడ్డ రైళ్లు! కొత్తది కాబట్టి మంచిది, పాతది కాబట్టి చెడ్డది అనుకోవద్దని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు. మీకు వచ్చే రైళ్లలో ఎన్ని ఇరుసులకు మోటార్లున్నాయో కనుక్కోండి. టైమ్ టేబుల్ నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.

వాడిన రైళ్ల విషయంలో నాకు బాగా నచ్చేది జకార్తా. 2000లో టోక్యో మితా లైను నుంచి 72 పెట్టెలు అక్కడికి వెళ్లాయి. తర్వాత జపాన్ రైల్వే కంపెనీ జేఆర్ ఈస్ట్ వాడిన 205 శ్రేణి పెట్టెలే 800కి పైగా చేరాయి. రెండు చోట్లా పట్టాల వెడల్పు 1067 మిల్లీమీటర్లు, వైరులో 1500 వోల్టుల డీసీ. అందుకే రైలు గుండెను మార్చాల్సిన పని పడలేదు. ప్లాట్‌ఫాం తక్కువ ఎత్తున్న స్టేషన్ల కోసం తలుపుల కింద మెట్లు, రాళ్ల దెబ్బలు తగలకుండా కిటికీలకు జాలీలు, ఇలాంటి మార్పులే ఎక్కువ. ఒకే రకం పెట్టెలు వందల్లో ఉంటే ఇంకో లాభం, ఒకటి పాడైతే దాని భాగాలు మిగతావాటిని బతికిస్తాయి. మీ లైనుకు వచ్చేవి ఎనిమిదో తొమ్మిదో అరుదైన రైళ్లయితే, ఒక్క కంట్రోల్ కార్డు (ఎలక్ట్రానిక్ బోర్డు) పోయినా దొరక్క నెలల తరబడి డిపోలో ఉండిపోవచ్చు. నాకు వయసు కంటే ఇదే ఎక్కువ భయం.

ఇంకో హెచ్చరిక. పాత రైలును ఉన్నది ఉన్నట్టు నడపడం వేరు, దాన్ని కోసి కొత్త రకంగా మార్చడం వేరు. కొన్ని 319ల కింద డీజిల్ ఇంజిన్లు బిగించి, వైరు లేని చోట కూడా నడిచేలా క్లాస్ 769 చేశారు. 2018లో రావాల్సినవి సర్వీసులోకి వచ్చేసరికి 2020 చివర, 2021 అయింది. ఒక కంపెనీ తీసుకున్న 19 రైళ్లు ప్రయాణికులను ఎక్కించుకోకుండానే పక్కకు వెళ్లిపోయాయి. మీ రైళ్లకు కూడా బ్యాటరీ పెడతాం, ఇంజిన్ పెడతాం అంటుంటే, ప్రకటించిన తేదీని నమ్మి మీ ఉద్యోగం వేళలు మార్చుకోకండి.

సౌకర్యాల గురించి ఒక్క మాట. మా 319ల్లో ఏసీ లేదు, వేసవిలో కిటికీలే దిక్కు. జూలై సాయంత్రాలు కష్టంగానే గడిచాయి. అయినా డీజిల్ రైళ్లను తిరిగి ఇస్తామంటే నేను వద్దనేవాణ్ణి.

మీకు వచ్చేవి ఏ రకం రైళ్లో, ఎన్నో, ఎక్కడి నుంచి వస్తున్నాయో ఇక్కడ రాస్తే, నాకు తెలిసింది ఇంకా చెప్పగలను.