హెడ్‌లైటు లోపల చెమర్చితే

చిన్నా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నీ కారు కుడివైపు హెడ్‌లైటు లోపల మంచు పట్టినట్టుందని, డూమ్ (అంటే లైటు డబ్బా) మొత్తం మార్చాలని మెకానిక్ అన్నాడని టెన్షన్ పడుతున్నావు. అప్పుడే డబ్బు కట్టకు. అది ఒట్టి చెమ్మో, నీళ్లే దిగుతున్నాయో ముందు తేల్చుకో.

హెడ్‌లైటు గాలి చొరని డబ్బా కాదురా. వెనకవైపు గాలాడడానికి సన్నటి గొట్టమో రంధ్రమో పెడతారు. లైటు వేస్తే లోపలి గాలి వేడెక్కి బయటికి పోతుంది, ఆపితే బయటి గాలిని పీల్చుకుంటుంది. మన కాకినాడ గాలిలో వానాకాలం ఎంత తడి ఉంటుందో నీకు తెలుసు. వేడి బండి మీద చన్నీళ్లు కొడితే అద్దం చల్లబడి ఆ తడి లోపలివైపు పేరుకుంటుంది, అన్నం గిన్నె మూత కింద చెమర్చినట్టు. లైట్లు వేసి అరగంట తిరిగి రా. పల్చటి పొర విడిపోతే దాని జోలికి పోకు. ఎల్ఈడీ లైట్లకైతే ఇంకాస్త సమయం పడుతుంది, వాటి వేడి అద్దం వైపు అంతగా రాదు.

చుక్కలు కట్టి జారుతున్నా, అడుగున నీళ్లు నిలిచినా అది వేరే సంగతి. పైగా నీకు ఒక్కవైపే వచ్చింది. వాతావరణం వల్ల అయితే మామూలుగా రెండింటికీ రావాలి. పోయిన నెల ఆ వైపే బల్బు మార్పించావు కదా, నా అనుమానమంతా వెనకున్న రబ్బరు మూత మీదే. లైటు చల్లారాక బానెట్ ఎత్తి, మూత అంచు చుట్టూ వేలితో తడుము. ఎక్కడో ఒకచోట మడత పడో, పైకి లేచో ఉండొచ్చు. మధ్యలో బల్బు పిన్నుల చుట్టూ కూడా రబ్బరు బిగుతుగా ఆనాలి.

మూత, బల్బు తీసి, ఆ రంధ్రంలో దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ కప్పి బండిని రెండు మూడు గంటలు ఎండలో ఉంచు. హెయిర్ డ్రయర్ వాడితే తక్కువ వేడి మీద, దూరం నుంచి. ముందున్నది గాజు కాదు, ప్లాస్టిక్కే. హాలోజన్ బల్బు గాజును వేళ్లతో ముట్టుకోకు, చేతి జిడ్డు అంటితే త్వరగా మాడిపోతుంది. సిలికా జెల్ పొట్లాలు లోపల వేయమంటారు. అవి ఉన్న తడిని పీలుస్తాయే గాని నీళ్లు వచ్చే దారిని మూయవు.

మూత సరిగ్గానే ఉంటే, ఆరాక పైపుతో సన్నగా నీళ్లు వదులుతూ కింది నుంచి పైకి ఒక్కో వైపే చూడు. అతుకు దగ్గరో, పగులు దగ్గరో దొరుకుతుంది. పగులు పెద్దదైతే డూమ్ మార్చక తప్పదు. వారంటీ ఉంటే మాత్రం నువ్వు విప్పకుండా షోరూముకే తీసుకెళ్లు.

ఒక్కటి మాత్రం చేయనివ్వకు. నేను టాక్సీ నడిపే రోజుల్లో ఒక షెడ్డులో చుట్టూ సిలికాన్ పూసి, గాలి రంధ్రం కూడా మూసేశారు. లోపలి తడి ఆ వానాకాలమంతా ఆరలేదు. లైటు లోపల బల్బు వెనకవైపు అద్దంలా మెరిసే పూత పొరలుగా లేచిపోయి వెలుతురు సగమైంది. ఒక రాత్రి తుని దగ్గర ముందున్న ఎడ్లబండి బాగా దగ్గరికొచ్చేదాకా కనపడలేదు. ఆ బ్రేకు ఇప్పటికీ నా కాలికి గుర్తుంది.

ఆదివారం ఎండ కాస్తే మూత తీసి చూడు. తీసేముందు దాని అంచు దగ్గర్నుంచి ఒక ఫోటో తీసి పంపు.

మీ పెదనాన్న