లేజరుకు డబ్బు కట్టేముందు: శ్రావణికి పెద్దమ్మ ఉత్తరం

చి. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

గడ్డం కింద వెంట్రుకలు ఇక రాకుండా పోవాలని, అమ్మను కూడా కలుపుకుని ఇద్దరికీ ఒకే లేజర్ ప్యాకేజీ తీసుకుందామని అనుకుంటున్నావు కదా. నువ్వు డబ్బు కట్టకముందే ఇది నీ చేతికి అందాలని వెంటనే రాస్తున్నాను. నీ గడ్డం మీదివి, నీ చెంపల మీదివి, అమ్మ గడ్డం మీదివి మూడూ మూడు రకాల వెంట్రుకలు. లేజర్ మొదటిదానికి బాగా పనిచేస్తుంది. అమ్మవి తెల్లబడ్డాయి కాబట్టి అమ్మకు అసలు పనిచేయదు. నీ చెంపల మీద ఎదురు తిరిగే ప్రమాదం ఉంది. ఈ తేడా తెలియకుండా క్లినిక్‌లో అడుగుపెట్టొద్దు.

ముందు పగటిపూట కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని కూర్చో. ఒక్కోచోట వేలితో తడిమి చూడు. నాలుగు రోజుల కిందట తీసినచోట గరుకుగా తగులుతూ నల్లటి చుక్కలా కనబడేది మొద్దు వెంట్రుక. పక్కనుంచి వెలుతురు పడితే తప్ప కనబడనిది, వేలికి మెత్తగా తగిలేది నూగు. రెండూ ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకో. తర్వాత డాక్టరుతో మాట్లాడాల్సింది దీని గురించే.

లేజర్ వెలుతురును పట్టుకునేది వెంట్రుకలోని మెలనిన్ అనే నల్లరంగు. ఎండలో నల్లచీర కాగినట్టు తెల్లచీర కాగదు, ఇదీ అంతే. రంగు ఆ వెలుతురును వేడిగా మార్చి కిందున్న కుదురును దెబ్బతీస్తుంది. అందుకే నల్లగా, మొద్దుగా ఉన్నవాటి మీద ఫలితం బాగుంటుంది. నల్లనివైనా సన్నగా ఉంటే అంత వేడి పుట్టదు. ఎర్రటి, బంగారు రంగు వెంట్రుకల్లో ఈ నల్లరంగు తక్కువ, పూర్తిగా తెల్లబడినవాటిలో ఏమీ ఉండదు. తెల్లవాటికి డై వేసుకుని వెళ్తే పనిచేస్తుందేమో అనుకుంటారు చాలామంది. డై పైన కనబడే వెంట్రుకకు అంటుతుంది, కుదురు దాకా దిగదు. మెహందీ అయినా అంతే.

చిక్కంతా ఎక్కడంటే, అదే మెలనిన్ మన చర్మంలోనూ ఉంది. మనలాంటి చామనఛాయ వాళ్లకు తప్పు మెషీన్ వాడితే కుదురుకు చేరాల్సిన వేడి పైచర్మంలోనే ఆగిపోయి బొబ్బలు, నల్లమచ్చలు వస్తాయి. అందుకని మెషీన్ పేరు, దాని వెలుతురు తరంగం పొడవు ఎన్ని నానోమీటర్లో అడుగు. అలెగ్జాండ్రైట్ 755. తెల్లని చర్మానికి మంచిది, కాస్త సన్న వెంట్రుకలను కూడా పట్టుకుంటుంది, కానీ నీ రంగుకు వద్దు. డయోడ్ 800 నుంచి 810. మన ఊళ్లలో ఎక్కువగా ఉండేది ఇదే. చల్లబరిచే ఏర్పాటు సరిగ్గా ఉండి, పల్స్, అంటే ఒక్కో వెలుతురు దెబ్బ, పొడవుగా 30 మిల్లీసెకన్లు అంతకు పైన పెట్టి చేస్తే నీ గడ్డానికి సరిపోతుంది. ఎన్‌డీ యాగ్ 1064. లోతుగా వెళ్తుంది, చర్మపు రంగును తక్కువగా పట్టుకుంటుంది కాబట్టి ముదురు రంగు వాళ్లకు అన్నిటికన్నా భద్రం. నొప్పి ఎక్కువ, సన్నవాటి మీద మాత్రం బలహీనం. డయోడ్, ఎన్‌డీ యాగ్ రెండూ ఉన్నచోటు దొరికితే అక్కడికే వెళ్లు.

ఇక నీ చెంపల సంగతి. అక్కడ ఉన్నది నూగు. దాని మీద లేజర్ కొట్టించకు, ఎవరు చెప్పినా ఒప్పుకోకు. చాలని వేడి తగిలితే నిద్రపోతున్న కుదుళ్లు మేలుకుని నూగు కాస్తా నల్లటి మొద్దు వెంట్రుకలుగా మారడం ఉంది. చెంపలు, దవడ అంచు, మెడ దీనికి పేరుపడ్డ చోట్లు. మన దేశపు ఆడవాళ్లలో, అందులోనూ హార్మోన్ల తేడా ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనబడుతుంది. గడ్డం చేయించుకునేటప్పుడు "పక్కన కూడా ఫ్రీగా కొట్టేస్తాం" అంటారు. మొద్దువి ఎక్కడ ఆగుతాయో అక్కడ తెల్ల పెన్సిల్‌తో గీత గీయించుకో, దాని అవతలకు పోవద్దని చెప్పు. నూగు మరీ ఇబ్బందిగా ఉంటే ముఖానికి వాడే చిన్న రేజర్‌తో తీసేసుకో. గీస్తే మందంగా పెరుగుతాయన్నది అపోహ. కొన మొండిగా తెగడం వల్ల గరుకుగా తగులుతుంది, అంతే.

గడ్డానికి వెళ్లేముందు చేయాల్సినవి ఇవి. కనీసం 4 వారాల ముందు నుంచి థ్రెడింగ్, వాక్సింగ్, ప్లక్కర్ అన్నీ ఆపెయ్యి. కుదురులోంచి లాగేస్తే లేజరుకు అక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. సిట్టింగుల మధ్యలో కూడా ఇదే నియమం, పెరిగితే గీసుకోవడమే. చాలామంది డబ్బు వృథా అయ్యేది ఇక్కడే: పెళ్లో పేరంటమో వచ్చిందని మధ్యలో థ్రెడింగ్ చేయించుకుంటారు. సిట్టింగుకు ముందురోజు శుభ్రంగా షేవ్ చేసుకుని వెళ్లు. పైన వెంట్రుక మిగిలి ఉంటే అదే కాలి చర్మాన్ని కాలుస్తుంది. ఆ రోజు ముఖానికి పసుపు, పౌడరు, సన్‌స్క్రీన్ ఏదీ ఉండకూడదు. బ్లీచ్ రెండు మూడు వారాల ముందే మానెయ్యి. స్కూటీ మీద తిరిగి ముఖం నల్లబడి ఉంటే ఆ నలుపు తగ్గేదాకా వాయిదా వెయ్యి. ఎండాకాలం మధ్యలో మొదలుపెట్టేకన్నా వానలు పడ్డాక మొదలుపెట్టడం మేలు. మొటిమలకు డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్ లాంటి మందులేవైనా వాడుతుంటే, పెదవి మీద జ్వరపు పొక్కులు వచ్చే అలవాటుంటే డాక్టరుకు ముందే చెప్పు. పుట్టుమచ్చ మీద, పచ్చబొట్టు మీద లేజర్ పడకూడదు, వాటిని కప్పమను.

నొప్పి తెలియకుండా రాసే మత్తు క్రీము గురించి ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. గడ్డం, పైపెదవి లాంటి చిన్నచోట డాక్టరు చెప్పినంత రాసుకుంటే పరవాలేదు. రేపు కాళ్లకు చేయించుకునేటప్పుడు కాళ్లంతా పూసి ప్లాస్టిక్ కవరు చుట్టుకోవద్దు. అమెరికాలో ఇలాగే లేజరుకు ముందు కాళ్లకు పూసి చుట్టుకున్న ఇద్దరు యువతులు చనిపోతే, 2007లో మందులను, వైద్య పరికరాలను పర్యవేక్షించే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. మందు చర్మంలోంచి రక్తంలోకి ఎక్కి గుండె లయను దెబ్బతీస్తుంది.

ముందు దవడ కింద ఒక మూల ప్యాచ్ టెస్ట్ చేయించుకుని, వారం పది రోజులు ఆగి చూడు. మచ్చ రాకపోతేనే ముందుకు వెళ్లు. సిట్టింగులో నీకూ, చేసేవాళ్లకూ ఆ మెషీన్‌కు తగిన గాగుల్స్ తప్పనిసరి. కనుబొమల కింద, కంటి గుంట లోపల లేజర్ వద్దేవద్దు, కనుబొమలకు థ్రెడింగే చాలు. కొట్టిన కొద్ది నిమిషాలకు ఒక్కో కుదురు చుట్టూ చిన్నగా ఉబ్బి ఎర్రబడితే సరిగ్గా తగిలినట్టు. చర్మం బూడిదరంగుకు తిరిగినా, తెల్లగా పాలిపోయినా, చురుక్కుమని తగ్గకుండా మండుతున్నా అక్కడికక్కడే ఆపమను. ఓర్చుకోవడం గొప్పేం కాదు. ప్రతిసారీ ఎన్ని జౌల్స్ (అంటే వెలుతురు శక్తి), పల్స్ ఎంత పెట్టారో కాగితం మీద రాయించుకో. క్లినిక్ మారినా, మచ్చ పడినా అదే ఆధారం.

ఆ తర్వాత ఒకటి నుంచి మూడు వారాల్లోపు వెంట్రుకలు పెరుగుతున్నట్టు కనబడతాయి. అవి కాలినవి బయటికి రాలుతున్నవి, కంగారుపడి పీకకు. ముఖానికి 4 నుంచి 6 వారాలకొకటి, కాళ్లూ చేతులకు 6 నుంచి 10 వారాలకొకటి చొప్పున 6 నుంచి 8 సిట్టింగులు పడతాయి. ఏ సమయంలో చూసినా కొన్ని కుదుళ్లే ఎదుగుదల దశలో ఉంటాయి, లేజర్ బాగా పనిచేసేది వాటి మీదే. అందుకే త్వరగా అవ్వాలని వారానికొకసారి వెళ్లినా లాభం లేదు. పూర్తిగా పోతాయని ఎవరన్నా మాటిస్తే నమ్మకు. ఎఫ్‌డీఏ లేజరుకు ఒప్పుకున్నది శాశ్వతంగా "తగ్గించడం" వరకే. ఏడాదికి ఒకటి రెండుసార్లు మళ్లీ వెళ్లాల్సి రావచ్చు. చివర్లో మిగిలే సన్నటివాటి వెంటపడి లేజర్ మీద లేజర్ కొట్టించుకోవద్దు. ఆ దశలో అది నూగు మీద కొట్టినట్టే.

అమ్మకు కావాల్సింది ఎలక్ట్రాలసిస్. శాశ్వతంగా తొలగించడం అని ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది దీన్నొక్కదాన్నే. 1875లో చార్లెస్ మిచెల్ అనే అమెరికా కంటి డాక్టరు లోపలికి తిరిగిన కనురెప్ప వెంట్రుకలకు మొదలుపెట్టిన పద్ధతి ఇది. వెంట్రుక వెంటే సన్నటి సూదిని కుదురు దాకా దింపి కరెంటు ఇస్తారు. రంగుతో పనిలేదు: తెలుపు, ఎరుపు, నలుపు ఏదైనా పోతుంది. చర్మం ఏ రంగైనా ఫరవాలేదు. కానీ ఒక్కొక్క వెంట్రుకకూ విడివిడిగా చేయాలి కాబట్టి, గడ్డం మీద ఇరవై ముప్ఫై వెంట్రుకలున్న అమ్మకు సరిగ్గా సరిపోతుంది గానీ కాళ్లకు కుదరని పని.

ఇందులో మూడు రకాలున్నాయి. గాల్వానిక్‌లో ఒకే దిశలో పారే కరెంటు (డీసీ) కుదురులోని ఉప్పునీటిని క్షారంగా మార్చి దాన్ని కరిగిస్తుంది, నిదానం. థర్మాలసిస్‌లో అధిక పౌనఃపున్యపు కరెంటు క్షణాల్లో వేడి పుట్టిస్తుంది. బ్లెండ్ అంటే రెండూ కలిపి. ఏళ్ల తరబడి పీకి పీకి వంకర తిరిగిన మొద్దు కుదుళ్లకు బ్లెండ్ మంచిది. వంకరలోకి సూది దిగకపోయినా క్షారం దిగుతుంది. సూది మందం వెంట్రుక మందానికి సరిపోవాలి. సన్నసూదితో మొద్దు వెంట్రుక తీస్తే కుదురు పూర్తిగా చావదు, అదే మళ్లీ మొలుస్తుంది.

దీనికి ముందు జాగ్రత్త లేజరుకు తలకిందులు: మూడు నాలుగు రోజులు షేవ్ చేయకూడదు. పట్టకారుకు అందేలా 2, 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. కరెంటు ఇచ్చాక వెంట్రుక జారినట్టు వచ్చెయ్యాలి. పీకినట్టు చురుక్కుమంటే కుదురు ఇంకా బతికే ఉందని అర్థం, అది ఉత్త ప్లక్కింగే. ప్రతిసారీ కొత్త సూది ప్యాకెట్ అమ్మ కళ్ల ముందు విప్పాలి. వాడిన సూదితో హెపటైటిస్ లాంటివి అంటుకుంటాయి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు ఇది చేయకూడదు. చిన్న చెక్కు కడితే గిల్లొద్దను, గిల్లితే గుంట పడుతుంది. ఒక్కో కుదురుకు ఒకటికి మించి సార్లు పట్టొచ్చు, మొత్తం పని ఏడాది, ఆపైన సాగుతుంది. మన దగ్గర చేసేవాళ్లు తక్కువ, లేజర్ క్లినిక్‌లు తమంతట తాము చెప్పవు. పెద్ద ఊళ్లలో చర్మ డాక్టర్లను పేరుపెట్టి అడగాలి. వెంట్రుకలు నెరవడం మొదలవుతున్న మీ అత్త లాంటివాళ్లు మాత్రం నల్లవి ఉండగానే వాటికి లేజర్ చేయించుకుని, తెల్లవి సూదికి వదిలితే ఖర్చూ సమయమూ కలిసొస్తాయి.

నువ్వు అమెరికా నుంచి తెప్పిస్తానన్న ఇంట్లో వాడే ఐపీఎల్ మెషీన్, అంటే లేజరుకు బదులు బలమైన మామూలు వెలుతురు మెరుపులు కొట్టేది, వద్దు. దాని పెట్టె మీద చర్మపు రంగు, వెంట్రుక రంగు చూపించే పట్టిక ఉంటుంది, అది చూడు. ముదురు చర్మం దగ్గర వద్దనే గుర్తు ఉంటుంది. మనకు తగ్గట్టు బలం తగ్గించి వాడితే మొద్దువాటికి చాలదు, పైగా నూగును రెచ్చగొడుతుంది.

అన్నిటికన్నా ముందు ఇంకొకటి. నెలసరి రెండు మూడు నెలలకొకసారి వస్తోందన్నావు, మొటిమలున్నాయి, మెడ వెనక నల్లబడిందా చూసుకో. పీసీఓఎస్ అనే హార్మోన్ల, అండాశయాల సమస్య ఉంటే లోపలి హార్మోను కొత్త వెంట్రుకలను పుట్టిస్తూనే ఉంటుంది, బయట ఎన్ని సిట్టింగులైనా చాలవు. గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లి టెస్టోస్టిరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు, స్కానింగ్ చేయించుకో. మందులు రాస్తే వాటి ఫలితం వెంట్రుకల మీద కనబడటానికి 6 నెలలు పడుతుంది, రెండు నెలలకే ఆపేయకు. వాటిలో స్పైరోనోలాక్టోన్ అనే మందు వాడేటప్పుడు గర్భం రాకూడదు, పుట్టబోయేది మగపిల్లాడైతే హాని. ఎఫ్లోర్నిథిన్ 13.9 శాతం క్రీము పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, మానేస్తే రెండు నెలల్లో మళ్లీ మామూలే. గొంతు మారి, నెలల్లోనే ఒళ్లంతా వెంట్రుకలు పెరిగితే మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. అది కణితి కావచ్చు. తెల్లబడటానికని ఫ్యాన్సీ షాపులో కొన్న క్రీము ఏదైనా రాస్తున్నావా? అందులో స్టెరాయిడ్ ఉంటే అదే ముఖం మీద వెంట్రుకలు మొలిపిస్తుంది. ఆ ట్యూబు తీసుకెళ్లి డాక్టరుకు చూపించు. చాలాకాలంగా రాస్తుంటే ఎలా మానాలో కూడా ఆమెనే అడుగు, ఒక్కసారిగా మానితే ముఖం మండి ఎర్రబడుతుంది.

ప్యాకేజీ డబ్బంతా ఒకేసారి కట్టకు. సిట్టింగుకు ఇంత అని మాట్లాడుకో. మెషీన్ పట్టుకునేది ఎవరు, బొబ్బ వస్తే చూసే డాక్టరు అక్కడే ఉంటారా అని అడిగి కనుక్కో. బొబ్బ వస్తే చిదపకుండా చల్లటి తడిగుడ్డ వేసి అదేరోజు వెళ్లి చూపించాలి. పరీక్షల రిపోర్టులు వచ్చాక వాట్సాప్‌లో పంపు, చూసి ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ