కరావోకేలో పాడటానికి నెమ్మదైన, తేలికైన జపనీస్ పాట ఏది? జపనీస్ లిపుల్లో హిరగాన (పలికినట్టే రాసే అక్షరాలు) మాత్రమే చదవగలను.

నా ఓటు 1961లో క్యూ సకమొతో పాడిన 'ఉఎ ఒ ముయితె అరుకో'కే. 1963లో అమెరికాలో 'సుకియాకి' పేరుతో నంబర్ వన్ అయిన పాట ఇదే. నడక తీరులో సాగుతుంది, చాలాచోట్ల ఒక అక్షరానికి ఒక స్వరమే. మధ్యలో ఈల వస్తుంది, అక్కడ ఊపిరి తీసుకోవచ్చు. పైగా గదిలో అన్ని వయసులవాళ్లూ గొంతు కలుపుతారు. ఆయనలా గొంతు విరిచి పాడాలని మాత్రం చూడకండి.

ఇంకా తేలిక కావాలంటే 'ఫురుసతొ', 1914 నాటి బడిపాట. పార్టీ ఊపులో కాస్త చప్పగా అనిపించొచ్చు.

నెమ్మదిగా ఉందంటే తేలికని కాదు. 'నద సోసో' అనే పాట ఎంతో నిదానం, కానీ స్వరాలను పట్టి నిలపాలి, దమ్ము చాలదు. వేగం కన్నా పల్లవి ఎంత పైకి వెళ్తుందో చూసుకోండి.

కంజి (చైనా నుంచి వచ్చిన జపనీస్ లిపి) గురించి టెన్షన్ వద్దు, తెరమీద సాధారణంగా దాని పైనే చిన్న హిరగాన ఉంటుంది. దీర్ఘాలు మనకు అలవాటే. 'న్' ఒక్కదానికీ పూర్తి మాత్ర ఇవ్వాలి, మనవాళ్లు తడబడేది అక్కడే. శ్రుతి ఎక్కువైతే రిమోట్‌లో కీ తగ్గించండి. అందరూ చేసే పనే.