డైరెక్టర్ ఫుల్ స్క్రిప్ట్ మెయిల్ చెయ్యమంటున్నారు, పంపెయ్యనా?

ప్రశ్న: మాది కాకినాడ, డిగ్రీ ఫైనలియర్. షార్ట్ ఫిల్మ్‌ల ద్వారా పరిచయమైన ఒక కొత్త డైరెక్టర్‌కి నా కథ లైన్ చెప్పాను, నచ్చింది. మార్పులు వాయిస్ మెసేజ్‌ల్లో చెప్తుంటే రాసి పంపుతున్నా. ఇప్పుడు ఫుల్ స్క్రిప్ట్ మెయిల్ చెయ్యమంటున్నారు. డబ్బులు, టైటిల్స్‌లో పేరు అడిగితే ఏమనుకుంటారో అని భయం. ఎల్ఐసీ ఏజెంటైన మా నాన్న మాత్రం బ్యాంక్ కోచింగ్‌లో చేరమంటున్నారు.

జవాబు: ఆయన మోసగాడని నేననట్లేదమ్మా, ప్రొడ్యూసర్ దొరికేదాకా కొత్త డైరెక్టర్ చేతిలో కూడా పెద్దగా ఏం ఉండదు. కానీ మీ ఇద్దరి మధ్య నడిచిందంతా వాయిస్ మెసేజ్‌ల్లోనే ఉంది, ఫోన్ పోతే అదీ పోయినట్టే, రేపు ఏ సీన్ ఎవరు రాశారన్న మాటొస్తే ఏం చూపిస్తావ్?

అందుకే ఇకనుంచి ప్రతి సిట్టింగ్ (కథ మీద కూర్చుని మాట్లాడుకోవడం) అయ్యాక, ఫోన్‌లో అయినా సరే, ఆ రోజే ఒక మెయిల్ పెట్టు. ఇలా: 'సార్, ఇవాళ మీరన్నట్టు ఇంటర్వెల్ ముందు అన్నయ్య ఊరొదిలి వెళ్ళే సీన్ రాశాను, సెకండ్ డ్రాఫ్ట్ జత చేశాను. తల్లి ట్రాక్ తీసేద్దామన్నారు, అది పోతే క్లైమాక్స్‌లో ఆ అమ్మాయి ఎందుకు తిరిగొస్తుందో అర్థం కాదేమో, ఒకసారి ఆలోచించండి.' చూడు, ఇందులో గొడవేం లేదు, ఏ ఐడియా ఆయనదో ఏ సీన్ నీదో తేదీతో సహా ఉంది, పైగా ఎదురు చెప్పగలిగిన రైటర్‌వని ఆయనకీ తెలుస్తుంది. ఆయన చెప్పింది ఆయన పేరు మీదే రాయి, అన్నీ నావేనని రాసుకుంటే ఆ మెయిళ్లకి విలువుండదు.

స్క్రిప్ట్ పంపేముందు రిజిస్టర్ చేయించు. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో మెంబరైతే ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్లో చెయ్యొచ్చు, హైదరాబాద్‌లో మన తెలుగు సినీ రైటర్స్ అసోసియేషన్ కూడా ఉంది. ఇది ఆ తేదీకి స్క్రిప్ట్ నీ దగ్గర ఉందనడానికి సాక్ష్యం మాత్రమే. ఇంకోటి, ఉత్త ఐడియాకి కాపీరైట్ ఉండదు, సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులోనే తేల్చేసింది, కాబట్టి లైన్ చెప్పి వదిలెయ్యకు, సీన్లుగా రాసిపెట్టు.

ఇక డబ్బుల సంగతి. దీనికి భయమెందుకు, అడక్కపోతే ఫ్రీగా రాస్తావనే అనుకుంటారు. 'ఫుల్ స్క్రిప్ట్ ఇచ్చేముందు క్రెడిట్, అడ్వాన్స్ గురించి రెండు లైన్లు మెయిల్‌లో అనుకుందాం సార్' అని పెట్టు చాలు. దానికే మాట్లాడ్డం మానేసినవాడు సినిమా మొదలయ్యాక ఇస్తాడా? అగ్రిమెంట్ వస్తే మాత్రం ఎన్నేళ్లకి, ఏ ప్రాంతానికి, ఏ హక్కులు అనేది చూడు. హక్కులు రాసివ్వాలంటే నీ సంతకం ఉన్న కాగితం ఉండాల్సిందే, అందులో గడువు రాయకపోతే చట్టం ప్రకారం 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. 'శాశ్వతంగా, ప్రపంచమంతా, రీమేక్‌లతో సహా' అని రాసుంటే రేటు కూడా దానికి తగ్గట్టే అడగాలి.

కోచింగ్‌లో చేరు, నష్టమేం లేదు, హైదరాబాద్ కృష్ణానగర్‌లో రూమ్ అద్దె కట్టుకుంటూ సినిమావాళ్ల పిలుపు కోసం ఎదురుచూడ్డం కన్నా జీతం తీసుకుంటూ రాత్రిళ్లు రాసుకోవడం మేలు. చదువే కావాలంటే పుణెలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో స్క్రీన్‌ప్లే రైటింగ్ కోర్సుంది, ఎంట్రన్స్ రాయాలి.

అన్నట్టు, ఆ అగ్రిమెంట్ వచ్చిన రోజు సంతకం పెట్టకముందు నాన్నగారికి చూపించు. పాలసీ కాగితాల్లో చిన్నక్షరాలు చదివే మనిషి, నీకూ నాకూ కనపడనిది ఆయనకి కనపడుతుంది, ఆ తర్వాత లాయర్ దగ్గరికెళ్లండి.